అన్నయ్య ట్యాంకు

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఇంట్లో పుట్టినదాన్ని. కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, తల ఊపే తంజావూరు బొమ్మ, అన్నీ చూశాను. కాని నలుగురు మగాళ్ళు తలో పక్కా పడితే తప్ప లేవని బొమ్మని మాత్రం మొన్న ఏప్రిల్లో ఇంగ్లండులో, లీడ్స్‌లో, మా అన్నయ్య కారుషెడ్డులో చూశాను.

అంతకుముందే మా వదిన ఫోన్లో గోల పెట్టింది. "చూడమ్మా, మీ అన్నయ్య రిటైరయి ఇంట్లో కూర్చుంటారనుకున్నాను. కారుని వానలో వీధిలో పెట్టి, షెడ్డులో యుద్ధ ట్యాంకు కడుతున్నారు. నువ్వొచ్చి ఒక మాట చెప్పు" అంది. మాటవరసకు అందేమో అనుకున్నాను. వెళ్ళి చూద్దును కదా, నిజంగా ట్యాంకే!

సెంచూరియన్ అనే బ్రిటిష్ ట్యాంకుకి ఆరో వంతు నమూనా అది. ప్లాస్టిక్ కాదు, ఉక్కూ అల్యూమినియమూ. విడిభాగాలు పెట్టెలు పెట్టెలుగా ఇంటికొస్తాయి. కోసిన రేకులు, లేత్ మీద తిప్పిన చక్రాలు, పోతపోసిన ముక్కలు, సంచుల కొద్దీ మరమేకులు. వాటిని జోడించుకోవడం మన పని. అసలు ట్యాంకు ఫిరంగి గొట్టంతో కలిపి తొమ్మిది మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. అన్నయ్యది మీటరూ అరవై పైచిలుకు, అంటే నాకంటే పొడుగు!

"అసలుది యాభయ్యొక్క టన్నులన్నావు. అంటే ఇది ఎనిమిదిన్నర టన్నులుండాలి కదా?" అన్నాను, లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే అన్న ధీమాతో.

"పిచ్చిదానా, పొడవులో ఆరో వంతు, వెడల్పులో ఆరో వంతు, ఎత్తులో ఆరో వంతు. ఆరుని మూడుసార్లు గుణించు" అన్నాడు.

రెండు వందల పదహారు. మందంతో సహా అంతా ఉక్కుతో పోస్తే సుమారు 236 కిలోలు. ఇందులో అల్యూమినియమే ఎక్కువ గనుక బరువు అందులో సగం దాకా తగ్గిందట. అయినా వదిన గుండె మీద బరువు మాత్రం తగ్గలేదు.

అసలీ ట్యాంకు అన్న పేరే ఒక అబద్ధం. లీడ్స్‌కి కారులో రెండు గంటల దూరంలో లింకన్ అనే ఊరుంది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, అక్కడ నూర్పిడి యంత్రాలు చేసే విలియం ఫాస్టర్ కంపెనీకి చెందిన ట్రిటన్, నౌకాదళం పంపిన విల్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు కలిసి, ముళ్ళకంచెలూ కందకాలూ దాటి పోయే ఇనుపబండిని తయారు చేశారు. శత్రువు చెవిన పడకుండా దానికి మారుపేరు కావాలి. ఎడారిలో సైన్యానికి నీళ్ళు మోసే బండ్లు అని చెప్పుకుందామనుకున్నారు. కాని నీళ్ళబండిని వాళ్ళ భాషలో పొడి అక్షరాల్లో రాస్తే డబ్ల్యూ.సి. అవుతుంది! తమ కమిటీకి మరుగుదొడ్డి పేరు తగులుకుంటుందని పెద్దమనుషులు సిగ్గుపడి, వట్టి నీళ్ళతొట్టి అనే అర్థమొచ్చేలా ట్యాంక్ అని ఖాయం చేశారని కథ. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో అది మొదటిసారి కదిలింది. మారుపేరే అసలు పేరై కూర్చుంది. మన హైదరాబాదు టాంక్‌బండ్ మీద మిగిలింది మాత్రం నీళ్ళున్న పాత అర్థమే.

సెంచూరియన్ ఆ వంశంలో ముత్తాతల తర్వాతిది. 1945 మేలో ఆరు నమూనా బండ్లు బెల్జియం చేరేసరికి యూరప్‌లో యుద్ధం అయిపోయింది. పెళ్ళయ్యాక వచ్చిన పెద్దముత్తయిదువలా ఊరికే నిలబడ్డాయి. ఆ తర్వాత మాత్రం 4,423 తయారయ్యాయి. కొరియాకి వెళ్ళాయి, ఇజ్రాయెల్ కొనుక్కుంది, మనం కొనుక్కున్నాం. ఆస్ట్రేలియా వాళ్ళు, 1953 అక్టోబరులో తమ గడ్డ మీద బ్రిటన్ అణుబాంబు పరీక్ష చేసినప్పుడు, ఇంజను ఆడుతున్న ఒక సెంచూరియన్‌ని అయిదు వందల గజాల దూరంలో వదిలేశారట. పేలాక వెళ్ళి చూస్తే బండి పక్కకి జరిగింది గానీ పోలేదు. తుడిచి, బాగుచేసి, తర్వాత వియత్నాం యుద్ధానికి కూడా పంపారు. ఇంజను గొప్పదే. విమానాలకు కట్టే రోల్స్‌రాయిస్ మెర్లిన్‌కి తమ్ముడు, పేరు మీటియర్. కిలోమీటరుకి నాలుగైదు లీటర్ల పెట్రోలు తాగుతుంది. మా ఆయన స్కూటర్ మీద అరలీటరు పోయించుకుని ఊరంతా తిరిగిన రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కాని నన్ను పట్టేసినవి ఇవేవీ కావు. ఒకరోజు అన్నయ్య పుస్తకం తిరగేస్తుంటే ట్యాంకు కడుపులో ఒక చదరపు డబ్బా బొమ్మ కనబడింది. ఏమిటన్నాను. "టీ కాచుకునే గిన్నె" అన్నాడు. వేళాకోళం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ట్యాంకు మనుషులు బండి దిగి, నేల మీద పొయ్యి వెలిగించి టీ పెట్టుకునేవారు. యుద్ధం చివరి నెలల లెక్కలు తీస్తే, ట్యాంకు దళాల్లో చనిపోయినవాళ్ళలోనూ గాయపడ్డవాళ్ళలోనూ మూడో వంతుకు పైగా బండి బయట ఉండగా దెబ్బ తిన్నవాళ్ళేనని తేలిందట. అందుకని సెంచూరియన్‌లో కరెంటుతో నీళ్ళు కాగే గిన్నెను లోపలే బిగించారు. బాయిలింగ్ వెసెల్, ముద్దుగా బి.వి. టీ మాత్రమే కాదు, డబ్బాల్లో వచ్చే తిండి కూడా అందులోనే వేడిచేసుకుంటారు. ఉక్కుకోటలో వంటిల్లన్నమాట!

"మరి నీ దాంట్లో ఏదీ?" అన్నాను.

"లోపలిది ఎవరు చూస్తారే? మూత బిగించేస్తాను" అన్నాడు.

పక్కకు నూరుకు పైగా ఉన్న పట్టా లింకుల్ని ఒక్కొక్కటే ఆకురాయితో అరగదీసి, కడ్డీ దూర్చి గొలుసు కట్టిన మనిషి, రేకుల అడుగున ఎవరికీ కనబడని చక్రాల ఇరుసులకు కూడా అసలు మేకులెన్నో లెక్కపెట్టి బిగించిన మనిషి, టీ గిన్నె దగ్గర అక్కర్లేదన్నాడు. మగవాళ్ళ లెక్కలు మగవాళ్ళవి.

ఒక ఆదివారం ఆయన నన్ను ఊరి తూర్పు చివర క్రాస్‌గేట్స్ అనే పేటకు తీసుకెళ్ళాడు. అక్కడి బార్న్‌బోలో ఒకప్పటి ప్రభుత్వ ట్యాంకుల కర్మాగారం ఉండేది. సెంచూరియన్‌లు తయారైన చోట్లలో అదొకటి. ఇప్పుడది లేదు. నేను చూడాలనుకున్నది దానికంటే పాత సంగతిని. మొదటి యుద్ధకాలంలో ఆ దగ్గరే ఫిరంగి గుళ్ళలో మందు కూరే ఫ్యాక్టరీ ఉండేది. అందులో పనిచేసిన పదహారు వేల మందిలో పదింట తొమ్మిది వంతులు ఆడవాళ్ళే. మందు ప్రభావానికి ఒళ్ళు పసుపుపచ్చగా మారేదట. మనం శుభమని రాసుకునే పసుపు కాదది, విషం. జనం వాళ్ళని పచ్చపిట్టలనేవారు. విరుగుడుగా పాలూ బార్లీనీళ్ళూ తాగించేవారు. పాలకోసం ఫ్యాక్టరీయే ఆవులమందని మేపింది. నిప్పురవ్వ పుట్టకూడదని తలలో పిన్ను కూడా పెట్టుకోనిచ్చేవారు కాదు.

1916 డిసెంబరు 5, రాత్రి పది దాటింది. నలభై రెండో గదిలో ఒక గుండు పేలింది. ముప్ఫై అయిదు మంది ఆడవాళ్ళు పోయారు. చాలామందిని మెడలోని గుర్తింపు బిళ్ళల్ని బట్టే ఎవరో పోల్చుకున్నారు. పని ఆగింది కాసేపే. ఆ గదిలోకి మేం వెళతామంటూ తోటి ఆడపిల్లలే ముందుకొచ్చారట. యుద్ధరహస్యం గనుక పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు. యుద్ధం ముగిసిన ఆరేళ్ళ దాకా బయటి లోకానికి తెలియనే తెలియదు. వాళ్ళ పేర్లు యార్క్ పట్టణపు పెద్ద చర్చిలో, ఆ యుద్ధంలో పోయిన ఆడవాళ్ళందరి పేర్లతో పాటు, చెక్కపలకల మీద రాసి ఉన్నాయి. చలిలో నిలబడి అన్నయ్య ఇదంతా చెబుతుంటే, చేతిసంచీలో ఉన్న కాఫీ ఫ్లాస్కు మూత తీయాలనిపించలేదు నాకు.

ఇంటికొచ్చాక షెడ్డులో నాకూ పని దొరికింది. కూర్చుని కబుర్లు చెప్పేకంటే ఓ చెయ్యి వెయ్యమన్నాడు. ఈ ట్యాంకు ఒళ్ళంతా రేకుల్ని వెల్డింగుతో అతికించి కట్టింది. అసలు బండి మీద ఆ అతుకు గట్లుగట్లుగా కనబడుతుంది. నమూనాలో రేకులు మరమేకులతో బిగిసిపోతాయి గనుక అతుకు గట్టుని విడిగా పెట్టాలి. రెండు రంగుల లప్పం ముద్దలు కలిపి పిసికి, దారంలా సన్నగా పేని, మూలన పరిచి, పుల్లతో నొక్కులు వేయాలి. అన్నయ్య వేసినవి గోడమీద చీమలబారులా ఉన్నాయి. నేను మొదలుపెట్టాను. కజ్జికాయ అంచు మడిచిన చేతికి అదేం బ్రహ్మవిద్య? బొటనవేలి ఒడుపు ఒకటే. ఒక్క సాయంత్రంలో ముందు పలక అతుకంతా పూర్తిచేశాను. "నలభై ఏళ్ళు ఇంజనీరుని, నాకు రాలేదే!" అన్నాడు. "నలభై ఏళ్ళు కజ్జికాయలు తిన్నావు, చెయ్యలేదు" అంది వదిన గుమ్మంలోంచి.

పైన తిరిగే టరెట్ సంగతి వేరు. అసలుది పోత ఉక్కు. పోత వస్తువు నున్నగా ఉండదు, ఇసుక అచ్చు గుర్తులు గరుకుగా ఉంటాయి. నమూనా టరెట్ స్టీలు గ్లాసులా మెరుస్తోంది. పల్చని లప్పం పూసి, మొరటు కుంచెతో పొడిస్తే గరుకు వస్తుందట. రెండుసార్లు చేశాడు, రెండుసార్లూ గీకేశాడు. సిమెంటు గోడలా వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి, మా అమ్మ అట్ల పెనం పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాను. విశాఖపట్నంలో అమ్మ వాడిన పోత ఇనుప పెనం. అమ్మ పోయాక వదిన కోరి తెచ్చుకుంది. దాని వెనకవైపు చూడమన్నాను. గరుకు అంతటా ఒకలా ఉండదు. ఒకచోట ఇసుక రేణువుల్లా, ఒకచోట నీళ్ళు పారినట్టు, అంచున నున్నగా. అన్నయ్య దాన్ని దీపం కింద తిప్పి తిప్పి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. మూడోసారి పూసిన పూత నిలిచింది.

అల్యూమినియం మీద మామూలు రంగు నిలవదు. ముందు నూనె జిడ్డంతా కడిగి, లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ప్రైమరు కొట్టాలి. అది ఆరాక మన సైన్యపు ఆకుపచ్చ. ఆ రంగు చూశాకే నేను అడిగాను, ఇది ఎవరి బండి అని. సొరుగులోంచి అచ్చుకాగితం తీశాడు. జె.ఎక్స్. 202. ఫామగుస్టా.

ఫామగుస్టా సైప్రస్‌లో ఒక రేవు పేరు. పూనా హార్స్ అనే మన అశ్వికదళం ఒక సెంచూరియన్‌కి పెట్టుకున్న పేరు. ఆ దళానికి మన హైదరాబాదుతో కూడా చుట్టరికముంది. 1965లో సియాల్‌కోట్ రంగంలో దానికి నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ తారాపూర్, నిజాం సైన్యంలో, హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసి వచ్చినవాడు. ఆ సెప్టెంబరు 16న సెంచూరియన్ మీదే పోయాడు, పరమవీర చక్ర వచ్చింది. ఆరేళ్ళకి మళ్ళీ పదహారో తారీఖు, డిసెంబరు 1971. అదే దళం, అదే రకం ట్యాంకులు. ఈసారి సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్. ఇరవయ్యొక్క ఏళ్ళు. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు.

మా తరం వాళ్ళకి ఆ డిసెంబరు గుర్తుంటుంది. మేం విశాఖలో ఉండేవాళ్ళం. నాకు పదకొండేళ్ళు, అన్నయ్యకి పదహారు. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించి, లాంతరు వత్తి దించి, గొంతు కూడా దించి మాట్లాడుకునేవాళ్ళం. మూడో తారీఖు అర్ధరాత్రి దాటాక కిటికీలు అదిరాయి. రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన చప్పుడని తర్వాత తెలిసింది. అన్నయ్యకి ఆ రోజు నుంచి నిద్రపట్టలేదు. భయంతో కాదు, ఉత్సాహంతో.

అటు పడమట, బసంతర్ నది దాటిన మన పదాతిదళం మీదికి శత్రువు ట్యాంకులు రాబోతున్నాయని పదిహేనో తారీఖు రాత్రి కబురొచ్చింది. మందుపాతరలు తీసే పని సగంలోనే ఉంది. ఆగితే అవతలివాళ్ళు మిగలరు. పూనా హార్స్ ఆ మందుపాతరల మధ్య నుంచే బండ్లు నడిపించింది. మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకి పొగతెర చాటున పాకిస్తాన్ ట్యాంకులు జర్పాల్ దగ్గర విరుచుకుపడ్డాయి. సాయానికి వెళ్ళిన కొద్ది ట్యాంకుల్లో ఫామగుస్టా ఒకటి. దెబ్బ తగిలి బండి అంటుకుంది. వదిలి రమ్మని వైర్‌లెస్‌లో పైనుంచి ఆజ్ఞ. ఫిరంగి ఇంకా పనిచేస్తోందని బదులిచ్చి, ఆ కుర్రాడు వైర్‌లెస్ కట్టేశాడు. ఆ ఉదయం పడిన పది శత్రు ట్యాంకుల్లో నాలుగు అతని లెక్కలోవే. పది గంటలు దాటాక ఇంకో గుండు తగిలింది. అదే సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాటికల్లా పడమట కూడా తుపాకులు ఆగాయి. ఇంట్లోవాళ్ళు కొడుకు వస్తాడని ఎదురుచూస్తుంటే తంతి వచ్చింది.

రాష్ట్రపతి మన వి.వి. గిరిగారి చేతి నుంచి పరమవీర చక్ర అందుకున్నది అతని తల్లి. ఆ సంగతి పేపర్లో వచ్చిన రోజుల్లోనే అన్నయ్య సైనిక అకాడమీ దరఖాస్తు తెచ్చాడు. పెద్దవాళ్ళ సంతకం కావాలి. నాన్నగారు, "మీ అమ్మ సరేనంటే నేను పెడతాను" అన్నారు. అమ్మ పేపరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "దేశానికి ఎవరి పిల్లాడో ఒకడు వెళ్ళాలి, నాకు తెలుసు. ఆ పిల్లాడి తల్లిని నేను కాలేనురా" అంది. కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. గడువు దాటాక తీసి ఇచ్చింది. అన్నయ్య రెండు నెలలు అమ్మతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు, ఇంజనీరయ్యాడు, దేశం దాటాడు. కాని ఆ కాగితం సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మొన్న షెడ్డులో, చేతికి లప్పం అంటుకుని ఉండగా, ఎత్తాడు.

"అమ్మది తప్పంటావా చెల్లాయ్?"

ఏం చెప్పను? నాకూ ఒక కొడుకున్నాడు. "అవతలి తల్లికి సంతకం పెట్టే అవకాశం వచ్చిందో లేదో మనకేం తెలుసు" అని మాత్రం అన్నాను. ఆ ఇంట్లో తండ్రీ సైన్యమే. ఆయన, బ్రిగేడియర్ ఖేతర్‌పాల్, 2001లో ఎనభయ్యొక్క ఏళ్ళప్పుడు తను పుట్టిన సర్గోధా చూడడానికి పాకిస్తాన్ వెళ్ళారు. లాహోర్‌లో బ్రిగేడియర్ నాసర్ అనే ఆయన తన ఇంట్లో పెట్టుకుని ఎంతో మర్యాద చేశారు. తిరిగివచ్చే ముందు రాత్రి ఆయనే చెప్పారు, ఆ రోజు బసంతర్ దగ్గర మీ అబ్బాయి బండిని కొట్టింది నేనేనని. తండ్రిగారు ఇంటికొచ్చి ఎంత నిద్రపోయారో నాకు తెలియదు గానీ, ఈ కథ విన్న రాత్రి నేను నిద్రపోలేదు.

చివరికి తగువు ఒక బెజ్జం దగ్గర వచ్చింది. గుండు తగిలిన చోట బెజ్జం వేసి, చుట్టూ రంగు కాలినట్టు చేయాలని అన్నయ్య మొదటి ఆలోచన. నమూనాలు చేసేవాళ్ళకి అది పెద్ద విద్యట. కాలిన రంగు, మసి, తుప్పు ఎంత బాగా వస్తే అంత పేరు. డ్రిల్లు కూడా తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. వదిన వద్దంది. నేను ఏమీ అనలేదు. అయిదో రోజు పొద్దున డ్రిల్లు తీసి అలమారలో పెట్టేశాడు.

"పదహారో తారీఖు, పొద్దున తొమ్మిదింటికి ఆపుతున్నాను" అన్నాడు.

అలాగే ఆపాడు. మందుపాతరల మధ్య నుంచి వచ్చిన దుమ్ము, పట్టాల్లో ఇరుక్కున్న నది ఒడ్డు బురద, ముందు పలక మీద నా కజ్జికాయ అతుకు, అమ్మ పెనం గరుకున్న టరెట్, దాని మీద తెల్ల అక్షరాల్లో పేరు. బెజ్జం లేదు.

నేను బయలుదేరే ముందు రోజు మూత బిగించబోతుంటే ఆపమన్నాను. రేకు ముక్క మడిచి, టంకం పెట్టి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద గిన్నె ఒకటి చేయించాను. మూతకు చిన్న పిడి నేనే పెట్టాను. పుస్తకంలో బొమ్మ చూసుకుని, అది ఉండవలసిన చోటే బిగించాడు. నలుగురూ కూర్చునే చోటికి దగ్గరలోనే. తర్వాత పైన మూతవేసి మరమేకులు తిప్పేశాడు. ఇక అది ఎవరికీ కనబడదు.